గొంతులోంచి గొట్టంలోకి

పెర్గొలేసీ రాసిన ఇద్దరి పాటను క్లారినెట్లకో ఓబోలకో మార్చి రాస్తే స్వరాలన్నీ అవే ఉంటాయి. అయినా పాట వేరేగా వినిపిస్తుంది. ఎందుకని?

పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వాళ్లు పాత సినిమా యుగళగీతం ఒకటి ఎత్తుకుంటారు. అతని చరణం ఊదేదీ, ఆమె చరణం ఊదేదీ ఒకే క్లారినెట్. మాటలుండవు, ఆడగొంతు మగగొంతు తేడా ఉండదు. అయినా వీధి చివర అరుగు మీద కూర్చున్నవాళ్లు కూడా అది ఏ పాటో ఇట్టే చెప్పేస్తారు. పాటలో అసలు సరుకు వరుసే అయినప్పుడు దాన్ని గొంతులోంచి గొట్టంలోకి మార్చడం పెద్ద కష్టమేమీ కాదు.

అయితే మన సినిమా యుగళగీతాల్లో ఇద్దరూ ఎక్కువగా వంతులవారీగా పాడతారు. కలిసి పాడినా చాలాసార్లు ఒకే వరుసను ఆమె పై స్థాయిలో, అతను కింది స్థాయిలో అందుకుంటారు. ఐరోపాలో 17, 18 శతాబ్దాల బరోక్ యుగళాల తీరు వేరు. అక్కడ ఇద్దరూ ఒకే క్షణంలో వేర్వేరు స్వరాలు పాడతారు. ఆ రెండు స్వరాల మధ్య జరిగేదే అక్కడ సంగీతం. ఒకరి పంక్తిని విడిగా వింటే సగం పాట కూడా చేతికి రాదు.

ఇటలీలో నేపుల్స్ దగ్గరి పొజ్జువోలిలో 1736 మార్చి 16న 26 ఏళ్లకే క్షయతో చనిపోయిన జొవాన్ని బట్టిస్టా పెర్గొలేసీ చివరి రోజుల్లో రాసిన ‘స్టాబాట్ మాటెర్’ ఇందుకు మంచి ఉదాహరణ. శిలువ కింద నిలబడ్డ మరియమ్మ శోకం దాని వస్తువు. ఒక సొప్రానో, ఒక ఆల్టో, కొన్ని తీగ వాద్యాలు, అడుగున ఆగకుండా నడిచే బేస్ పంక్తి, అంతే. మూలంలో ఊదే వాద్యం ఒక్కటీ లేదు. అందులోని మొదటి యుగళాన్ని గాలి వాద్యాల బృందం కోసం రాయాలంటే రెండు గొంతుల స్థానంలో ఏ రెండు గొట్టాలను పెట్టాలి? సంగీతజ్ఞుల అభిరుచికి వదిలేయాల్సిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, ఇందులో ముప్పాతిక భాగం భౌతికశాస్త్రమే.

పక్క మెట్టు మీద నిలబడితే

ఆ యుగళం నడక ఇలా ఉంటుంది. ఒక గొంతు ఒక స్వరాన్ని పట్టుకుని నిలుస్తుంది. అది అలా నిలిచి ఉండగానే రెండో గొంతు వచ్చి సరిగ్గా ఆ పై మెట్టు మీద నిలబడుతుంది. రెండు స్వరాలూ ఒరుసుకుంటాయి. వినేవాడికి ఎక్కడో నొక్కినట్టు ఉంటుంది. అప్పుడు మొదటి గొంతు నెమ్మదిగా ఒక మెట్టు దిగుతుంది, బిగువు సడలుతుంది. ఊపిరి తీసుకునేలోపు ఇంకాస్త పైన మళ్లీ అదే ఒరిపిడి. పాశ్చాత్య సంగీతకారులు దీన్ని సస్పెన్షన్ అంటారు. పెర్గొలేసీ వీటిని గొలుసుగా అల్లాడు. శోకం అంతా ఆ గొలుసులోనే ఉంది.

పాట శ్రుతి ఎఫ్ మైనర్. ఎఫ్‌ను షడ్జం అనుకుంటే జీ మనకు చతుశ్రుతి రిషభం, ఏ ఫ్లాట్ సాధారణ గాంధారం, మొత్తం మీద కీరవాణికి దగ్గర. కర్ణాటక కచేరీలో స, రి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఇక్కడ రెండూ ఒకేసారి మోగుతాయి.

ఆ ఒరిపిడి ఎంత ఉండాలన్నదే మార్చి రాసేవాడి అసలు లెక్క. తక్కువైతే పాట చప్పబడుతుంది, ఎక్కువైతే అపశ్రుతిలా చెవిలో గుచ్చుకుంటుంది.

[పెట్టె] చెవిలో ఏం జరుగుతుంది?

సిగ్నల్ దగ్గర ఆగిన రెండు బైకుల ఇండికేటర్లను చూడండి. రెండూ దాదాపు ఒకే వేగంతో మిణుకుతుంటాయి గానీ పూర్తిగా ఒకే వేగం కాదు. కాసేపు కలిసి వెలుగుతాయి, తర్వాత ఒకటి వెలిగినప్పుడు రెండోది ఆరుతుంది, మళ్లీ కలుస్తాయి. రెండు స్వరాల గాలి కంపనాలు కూడా ఇలాగే కలుస్తూ విడిపోతూ ఉంటాయి. కలిసినప్పుడు శబ్దం పెరుగుతుంది, విడిపోయినప్పుడు తగ్గుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌లో చదువుకున్న విస్పందనాలు ఇవే. సెకనుకు ఎన్ని వస్తాయో తెలియాలంటే ఒక పౌనఃపున్యంలోంచి రెండోదాన్ని తీసేస్తే చాలు.

మధ్య స్థాయి ఎఫ్ 349 హెర్ట్జ్, దాని పక్కన జీ 392 హెర్ట్జ్. తేడా 43. జీ, ఏ ఫ్లాట్‌ల మధ్య తేడా 23. తంబుర శ్రుతి చేసేటప్పుడు సెకనుకు ఒకటో రెండో విస్పందనాలు వస్తే అలలుగా వినపడతాయి, లెక్కపెట్టవచ్చు. 20, 40 వచ్చేసరికి చెవి లెక్కపెట్టలేదు. దాన్ని గరుకుదనంగా గ్రహిస్తుంది. 1863లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ అపస్వరానికి మూలం ఈ గరుకుదనమేనన్నాడు.

మన లోపలి చెవిలోని కర్ణావర్తంలో సుమారు 35 మిల్లీమీటర్ల పొడవైన పొర ఉంటుంది. ఒక్కో పౌనఃపున్యానికి దాని మీద ఒక్కో చోటు ఎక్కువగా ఊగుతుంది. రెండు స్వరాలు బాగా దూరంగా ఉంటే రెండు వేర్వేరు చోట్లు ఊగుతాయి, గొడవ లేదు. దగ్గరైతే ఊగే చోట్లు ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. 1965లో నెదర్లాండ్స్ పరిశోధకులు ప్లాంప్, లెవెల్ట్ ఈ దూరాన్ని కొలిచి, ఆ ఒక్క చోటి వెడల్పులో సుమారు నాలుగో వంతు తేడా ఉన్నప్పుడు గరుకుదనం అత్యధికమని చూపించారు. 350–400 హెర్ట్జ్ ప్రాంతంలో ఆ వెడల్పు దాదాపు 100 హెర్ట్జ్. అంటే 23 గానీ 43 గానీ గరుకు ప్రాంతంలోనే పడతాయి.

ఎత్తు మారితే పదును మారుతుంది

దీన్నిబట్టి మొదటి హెచ్చరిక ఒకటుంది. పాట ఫ్లూట్లకు కింద ఉందని చాలామంది దాన్ని ఒక స్థాయి పైకి ఎత్తేస్తారు. స్వరాల పేర్లు మారవు, మెట్ల దూరమూ మారదు. కానీ పై స్థాయిలో ఎఫ్ 698 హెర్ట్జ్, జీ 784. తేడా 43 నుంచి 86కి పెరిగింది. ఆ ప్రాంతంలో చెవిలోని పొర మీద ఊగే చోటి వెడల్పు మాత్రం రెట్టింపు కాదు. కాబట్టి రెండు స్వరాలూ ఒకదానికొకటి కాస్త ఎడంగా జరిగినట్టే. ఒరిపిడి నునుపెక్కుతుంది. కాగితం మీద అదే సస్పెన్షన్, చెవిలో మాత్రం సగం పదును.

కిందికి దింపితే ఇంకో తంటా. ఒక స్థాయి కింద అదే ఎఫ్–జీ తేడా 21 అవుతుంది. గరుకుదనం చిక్కబడి గురగురలా మారుతుంది. బసూన్ల జంటకు ఈ యుగళాన్ని ఇస్తే శోకం కాస్తా సణుగుడులా తేలుతుంది. సరదాకి ఊదుకుంటే ఊదుకోవచ్చు గానీ గుడిలో వద్దు.

గొట్టం ఆకారంలోనే ఉంది గుట్టు

ఇప్పటిదాకా ప్రతి స్వరానికీ ఒక్క పౌనఃపున్యమే ఉన్నట్టు మాట్లాడుకున్నాం. నిజానికి ఏ వాద్యమైనా ఎఫ్ ఊదితే 349తో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు అలా పైపైన అనుస్వరాలు కూడా పలుకుతాయి. వాటిలో ఏవి బలంగా ఉంటాయన్నదే ఒక వాద్యం గొంతును ఇంకోదాని నుంచి వేరు చేస్తుంది. రెండు వాద్యాలు పక్క మెట్లపై నిలిచినప్పుడు ఒక్క మూలస్వరాలే ఒరుసుకోవు, వాటి అనుస్వరాల జంటలూ ఒరుసుకుంటాయి. ఎన్ని జంటలు బలంగా ఉంటే అంత కొరుకుడు.

ఓబో గొట్టం లోపల శంకువులా సన్నగా మొదలై వెడల్పవుతుంది. మన సన్నాయీ అంతే. రెండు రెల్లు పలకల మధ్య చీలికలోంచి ఊదుతారు. అనుస్వరాలన్నీ, సరివీ బేసివీ, దండిగా వస్తాయి. అందుకే రెండు ఓబోలు ఎఫ్–జీ పట్టుకుంటే ఆ ఒరిపిడి గది గోడల దాకా తగులుతుంది. ఫ్లూట్‌లో మూలస్వరం బలంగా ఉండి పై అనుస్వరాలు త్వరగా పలచబడతాయి, ముఖ్యంగా మెల్లగా ఊదినప్పుడు. ఒరుసుకోవడానికి జంటలే తక్కువ. రెండు ఫ్లూట్ల మీద ఈ యుగళం వింటే ఏడుపు ఆగిపోయి వెక్కిళ్లు మిగిలినట్టు ఉంటుంది.

క్లారినెట్ వీటిలో వింత సరుకు. లోపల దాదాపు తిన్నటి గొట్టం. రీడ్ ఉన్న చివర శబ్దపరంగా మూసుకుపోయినట్టే లెక్క. ఒక చివర మూసిన గొట్టంలో బేసి అనుస్వరాలే పలుకుతాయని పాఠ్యపుస్తకంలో చదివిందే. ఇంచుమించు ఒకే పొడవున్న ఫ్లూట్ 262 హెర్ట్జ్ సీ దగ్గర ఆగిపోతే, బీ ఫ్లాట్ క్లారినెట్ 147 హెర్ట్జ్ డీ దాకా దిగగలగడానికి కారణం కూడా ఆ మూసిన చివరే. సరి అనుస్వరాలు నీరసంగా ఉండటం వల్ల క్లారినెట్ జంటలో రెండో అనుస్వరాల మధ్య జరగాల్సిన ఒరిపిడి తగ్గుతుంది. పైకి వెళ్లేకొద్దీ ఈ లక్షణం పలచబడుతుంది, కింది స్థాయిలో మాత్రం బాగా తెలుస్తుంది. ఫలితంగా క్లారినెట్ల సస్పెన్షన్ ఓబోల కంటే మెత్తగా, ఫ్లూట్ల కంటే లోతుగా ఉంటుంది.

అయితే క్లారినెట్లే సరైనవని తేల్చేద్దామా? తేల్చవచ్చు, ఒక్క చిక్కు లేకపోతే.

క్లారినెట్‌కు గొంతు పట్టేసే చోటు

సొప్రానో, ఆల్టో గొంతులు ఒకదానికొకటి బాగా దగ్గరగా వచ్చేది మధ్య స్థాయి ఎఫ్ నుంచి ఆ పైన సీ దాకా ఉన్న నాలుగైదు మెట్లలో. సరిగ్గా అక్కడే క్లారినెట్‌కు గొంతు పట్టేస్తుంది. వాదకులు కూడా వాటిని గొంతు స్వరాలనే పిలుస్తారు.

దగ్గరగా చూద్దాం. బీ ఫ్లాట్ క్లారినెట్ మీద ఎఫ్ మోగాలంటే వేళ్లన్నీ ఎత్తేయాలి, రంధ్రాలన్నీ తెరిచే ఉంటాయి. మోగే గాలి స్తంభం పొట్టిదైపోతుంది, నాదం పలచబడుతుంది. ఆ పైన జీకి ఒక మీట, ఏ ఫ్లాట్‌కు దానితో పాటు ఇంకో మీట. ఈ రెండో మీట తెరిచే రంధ్రం చాలా చిన్నది. నిజానికి దాని పని వేరు, వాద్యాన్ని పై స్థాయికి దాటించడం. ఏ ఫ్లాట్ దగ్గర దానికి రెండో ఉద్యోగం అప్పజెప్పారు. రెండు పనులకూ సరిపడేలా చేసిన రంధ్రం ఏ పనికీ పూర్తిగా సరిపోదు. అందుకే ఆ స్వరం మసకగా, గాలి కలిసినట్టు వస్తుంది. ఇక ఒక్క అర్ధస్వరం పైకి పోతే పరిస్థితి తలకిందులవుతుంది. తెరిచిన రంధ్రాలన్నీ ఒక్కసారిగా మూసేయాలి, గాలి స్తంభం దాదాపు గొట్టమంత పొడవవుతుంది, నాదం గంటలా మోగుతుంది. ఇతర వాద్యాలు ఎనిమిదో మెట్టుకు స్థాయి దాటితే, సరి అనుస్వరాలు లేని క్లారినెట్ పన్నెండో మెట్టుకు దాటుతుంది. ఆ పన్నెండు మెట్లను నింపడానికే ఈ గొంతు స్వరాల అతుకు.

పెర్గొలేసీ గొలుసు ఈ అతుకు మీదుగా మెట్టు మెట్టుగా ఎక్కుతుంటే ఏమవుతుందో ఊహించండి. ఒక క్లారినెట్ మసక ఏ ఫ్లాట్ పట్టుకుని ఉంటుంది, రెండోది వచ్చి గంటలాంటి బీ ఫ్లాట్ మీద నిలబడుతుంది. సమానంగా ఒరుసుకోవాల్సిన చోట ఒకటి రెండోదాన్ని మింగేస్తుంది. మంచి వాదకులు మసక స్వరాలు ఊదేటప్పుడు కుడిచేతి వేళ్లతో కింది రంధ్రాలు కొన్ని మూసి ఉంచుతారు. నాదం కాస్త ముదురుతుంది, పైకి దూకేటప్పుడు సగం వేళ్లు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. రాసేవాడు చేయగలిగింది ఇంకొకటి ఉంది: మొత్తం పాటను మెట్టో రెండో దింపి, గొలుసులోని ముఖ్యమైన ఒరిపిళ్లు అతుకుకు ఒకే పక్కన పడేలా చూడటం.

[పెట్టె] రాసింది ఒకటి, మోగేది ఒకటి

బీ ఫ్లాట్ క్లారినెట్ వాదకుడు కాగితం మీద సీ చూసి ఊదితే మోగేది బీ ఫ్లాట్. కాబట్టి అతనికి ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు పైకి రాసివ్వాలి. నాలుగు ఫ్లాట్లున్న ఎఫ్ మైనర్ అతని కాగితం మీద రెండే ఫ్లాట్లున్న జీ మైనర్ అవుతుంది, వేళ్లకు సుఖం. అదే ఏ క్లారినెట్ ఇస్తే ఏడు ఫ్లాట్ల ఏ ఫ్లాట్ మైనర్ రాయాలి. అది ఇచ్చినవాణ్ణి వాదకుడు జన్మలో మరచిపోడు. ఓబోకు అన్నలాంటి కోర్ ఆంగ్లే రాసినదానికంటే ఐదో మెట్టు కింద మోగుతుంది, దానికి మూడు ఫ్లాట్ల సీ మైనర్ చాలు. ఓబోకూ ఫ్లూట్‌కూ బసూన్‌కూ రాసిందే మోగుతుంది.

ఫ్లూట్‌నూ క్లారినెట్‌నూ జతచేస్తే

పైన ఫ్లూట్, కింద క్లారినెట్ పెడితే రెండింటి మంచీ వస్తుంది కదా అనిపిస్తుంది. ఇక్కడ ఇంకో భౌతిక చిక్కు కాచుకుని ఉంటుంది. ఈ తరహా పాటలో పట్టుకున్న స్వరాన్ని గాయకులు మెల్లగా మొదలుపెట్టి, ఒరిపిడి దగ్గరికి వచ్చేసరికి పెంచి, దిగేటప్పుడు తగ్గిస్తారు. ఫ్లూట్‌లో గట్టిగా ఊదితే గాలి వేగం పెరిగి శ్రుతి పైకి జరుగుతుంది. క్లారినెట్‌లో గట్టిగా ఊదితే శ్రుతి కిందికి వాలుతుంది. ఇద్దరూ కలిసి శబ్దం పెంచారంటే ఒకరు పైకి, ఒకరు కిందికి! వాళ్లిద్దరి మధ్య మెట్టు సాగిపోతుంది. తగ్గించేటప్పుడు ఎదురెదురుగా వచ్చి ఇరుకవుతుంది. పెదవుల బిగువుతో సర్దుకోగల వాదకులకు ఇబ్బంది లేదు. బడి బృందానికి రాస్తున్నప్పుడు మాత్రం ఈ జంటను ప్రశ్నోత్తరాల్లా వంతులవారీగా నడిచే భాగాలకు ఉంచి, పట్టుకుని నిలిచే భాగాలకు ఒకే జాతి వాద్యాలను పెట్టడం మేలు.

ఒకే జాతి వాద్యాలు పెట్టడానికి ఇంకో కారణం మెదడులో ఉంది. రెండు పంక్తులు ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతే, ఎవరు ఏది ఊదుతున్నారో చెవి లెక్కచేయదు. దగ్గరగా ఉన్న స్వరాలన్నిటినీ కలిపి తనకు తోచినట్టు రెండు నునుపైన గీతలు గీసుకుంటుంది. 1970లలో డయానా డాయిష్ చేసిన ప్రయోగాల్లో కుడి చెవికీ ఎడమ చెవికీ ఎగుడుదిగుడు స్వరాలు వినిపించినా, చాలామందికి ఒక చెవిలో పై వరుస, ఇంకో చెవిలో కింది వరుస సాఫీగా వినిపించాయి. బరోక్ రచయితలకు ఈ సిద్ధాంతం తెలియదు గానీ దీని ఫలితం బాగా తెలుసు. 1643లో వెనిస్‌లో ఆడిన మాంటెవెర్డి ఆపెరా ‘పొప్పేయా పట్టాభిషేకం’ చివరి ప్రేమ యుగళంలో రెండు గొంతులూ ఒకే ఎత్తువి. ఎవరిది ఎవరిదో తెలియకుండా కలిసిపోతాయి. ఆ కలయికే అక్కడ కావలసింది. దాన్ని ఓబోకీ బసూన్‌కీ పంచితే ప్రేమికులిద్దరినీ చెరో గదిలో కూర్చోబెట్టినట్టే.

మాటలు పోయాక

గొంతుకున్నంత సౌకర్యం ఏ గొట్టానికీ లేదు. గాయని నోటి ఆకారం మార్చి ‘ఆ’ను ‘ఓ’ చేయగలదు. అలా చేసినప్పుడు కొన్ని అనుస్వరాలు లేస్తాయి, కొన్ని అణుగుతాయి. అదే ఎత్తులో, అదే బలంలో నాదం రంగు మారుతుంది. క్లారినెట్ లోపలి ఆకారం ఎప్పుడూ ఒకటే. హల్లులు మోసిన పనిని నాలుక మోయాలి.

ఇక్కడే చాలా అనుసరణలు చెడతాయి. సస్పెన్షన్‌లో ఒరిపిడి స్వరం నుంచి దిగుడు స్వరానికి గాయని ఒకే అచ్చు మీద జారుతుంది. రాసేవాడు ఆ రెంటినీ కలిపే గీత పెట్టడం మరచిపోతే వాదకుడు దిగుడు స్వరాన్ని నాలుకతో కొడతాడు. ‘తూ–తూ’ అని రెండు దెబ్బలు పడతాయి. సడలాల్సిన చోట కొత్త పొడుపు. ఆ ఒక్క గీత విలువ, వాద్యాల ఎంపిక కంటే తక్కువేమీ కాదని నా అభిప్రాయం.

నాదస్వరం వాయించేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. త్యాగరాజ కృతిని వాయించేటప్పుడు సాహిత్యం ఎక్కడ విరుగుతుందో అక్కడే తుత్తుకారం పడాలి, మిగతాచోట్ల ఊపిరి జారిపోవాలి. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా వాద్యం విన్నవాళ్లకు మాట లేకుండా మాట వినిపించడం అంటే ఏమిటో తెలుసు.

గాయనీగాయకులకున్న మరో సదుపాయం వైబ్రాటో, గొంతులోని సన్నని వణుకు. సెకనుకు ఐదారుసార్లు శ్రుతి అటూ ఇటూ ఊగుతుంటుంది. 392 హెర్ట్జ్ జీ అటూ ఇటూ పావు స్వరం ఊగితే దాని పౌనఃపున్యం పదకొండు హెర్ట్జ్ చొప్పున కదులుతుంది. ఎఫ్‌తో దాని తేడా 43 దగ్గర నిలబడకుండా 32 నుంచి 54 దాకా తిరుగుతుంది. గరుకుదనం ఒక్కచోట గుచ్చుకోకుండా కదులుతూ ఉంటుంది. క్లారినెట్‌ను పాశ్చాత్య శాస్త్రీయ పద్ధతిలో ఎక్కువగా వణుకు లేకుండానే ఊదుతారు. అప్పుడు ఒరిపిడి నిశ్చలంగా, నగ్నంగా నిలబడుతుంది. కొందరికి అది నచ్చదు. నాకైతే పెర్గొలేసీకి అదే బాగా నప్పుతుందనిపిస్తుంది.

ఊపిరి లెక్క

పాడేవారికి ఊపిరి తీసుకునే చోట్లు మాటల మధ్యన దొరుకుతాయి. ఆ చోట్లే వాద్యాలకూ సరిపోతాయనుకుంటే పొరపాటు. ఓబో రీడ్ చీలిక ఎంత సన్నమంటే గాలి బయటికి పోవడమే కష్టం. పంక్తి పూర్తయ్యేసరికి వాదకుడి ఊపిరితిత్తులు నిండుగానే ఉంటాయి, కానీ అందులోది వాడిన గాలి. ముందు దాన్ని వదలాలి, తర్వాత కొత్తది పీల్చాలి. గాయని ఒక్క క్షణంలో చేసే పనికి ఓబోకు రెండు క్షణాలు. ఫ్లూట్ దీనికి పూర్తిగా ఎదురు: పెదవుల ముందు సగం గాలి వృథాగా పోతుంది, పంక్తి మధ్యలోనే ఖాళీ అయిపోతుంది.

అందరికంటే పాపం బసూన్. మూలంలో అడుగు పంక్తిని తీగ వాద్యాలు వాయిస్తాయి. కమానుకు ఊపిరితో పనిలేదు కాబట్టి పెర్గొలేసీ దాన్ని అడుగు తీసి అడుగు వేస్తున్నట్టు విరామం లేకుండా నడిపించాడు. అదే కాగితం బసూన్ ముందు పెడితే మొదటి పుట చివరికి వాదకుడి ముఖం ఎర్రబడుతుంది. ఇద్దరు బసూన్ వాదకులుంటే వంతులు మార్చుకోవచ్చు. ఒక్కరే ఉంటే అక్కడక్కడా ఒక స్వరం వదిలేయాలి. ఏది వదలాలన్నది చూసి తేల్చాలి. పైన ఒరిపిడి పుట్టిన క్షణంలో కింది స్వరం ఉండి తీరాలి, ఎందుకంటే పై రెండింటిలో ఏది పరాయిదో, ఏది దిగాల్సిందో చెవికి చెప్పేది అదే. ఒరిపిడి సడలిన తర్వాత, తాళంలో బలహీనమైన దెబ్బ మీది స్వరాన్ని వదిలితే ఎవరూ గమనించరు.

ఇదేమీ కొత్త వ్యాపారం కాదు

మూలాన్ని ఇలా కదపడం అపచారం కాదా అని అడిగేవాళ్లుంటారు. పెర్గొలేసీ పోయిన పదేళ్లకే, 1740లలో, జర్మనీలోని లైప్‌జిగ్‌లో యొహాన్ సెబాస్టియన్ బాఖ్ ఇదే స్టాబాట్ మాటెర్‌ను తీసుకుని, లాటిన్ మాటలు తీసేసి, 51వ కీర్తన ఆధారంగా రాసిన జర్మన్ మాటలు పెట్టాడు. మూలంలో చాలాచోట్ల బేస్‌నే అనుసరిస్తూ పోయే వయోలాకు సొంత పంక్తి రాసిచ్చాడు. ఆయనకు లేని పట్టింపు మనకెందుకు?

ఆపెరా పాటలను గాలి వాద్యాలకు మార్చడం 18వ శతాబ్దం చివర వియన్నాలో మంచి గిరాకీ ఉన్న పని. 1782లో చక్రవర్తి రెండో యోజెఫ్ రెండేసి ఓబోలు, క్లారినెట్లు, హార్న్‌లు, బసూన్లతో ఎనిమిది మంది బృందాన్ని పెట్టుకున్నాడు. ఆ ఏడాది జూలై 20న మోట్సార్ట్ తన తండ్రికి రాసిన ఉత్తరంలో, కొత్త ఆపెరాను కొద్ది రోజుల్లోనే గాలి వాద్యాలకు మార్చి రాయాలనీ, లేకపోతే ఇంకెవరో ముందే చేసేసి లాభం తన్నుకుపోతారనీ వాపోయాడు. అసలు ప్రభావం పోకుండా ఆ వాద్యాలకు నప్పేలా రాయడం ఎంత కష్టమో నాన్నకు తెలియదని కూడా అన్నాడు. మోట్సార్ట్‌కే కష్టమనిపించిన పని అది.

ఎవరూ ఊదని స్వరం

చివరగా ఒక వింత. ఇద్దరు ఫ్లూట్ వాదకులు మాత్రమే దొరికారు, బసూన్ లేదు. పై స్థాయిలో గట్టిగా, వణుకు లేకుండా ఊదుతుంటే కొన్ని చోట్ల మూడో స్వరం ఒకటి కింద సన్నగా గుమ్మంటూ వినిపిస్తుంది. 1714లో ఇటలీ వయోలిన్ విద్వాంసుడు టార్టీనీ దీన్ని గమనించాడు. 1754లో అచ్చయిన తన గ్రంథంలో దాన్ని మూడో నాదం అన్నాడు. అది చాలావరకు చెవిలోనే పుడుతుంది. వచ్చిన రెండు కంపనాలను కర్ణావర్తం ఉన్నదున్నట్టుగా మోయదు, వాటి తేడాకు సమానమైన మూడో కంపనాన్ని తానే కలుపుతుంది.

ఏ ఫ్లాట్ 831 హెర్ట్జ్, ఆ పైన సీ పియానో శ్రుతిలో 1047. తేడా 216. ఇది ఏ ఫ్లాట్‌కూ కాదు, ఏకూ కాదు, మధ్యలో వేలాడే స్వరం, వినడానికి చిరాకు. పై ఫ్లూట్ సీని కొంచెం దింపి 1038కి తెస్తే తేడా 208. సరిగ్గా రెండు స్థాయిల కింది ఏ ఫ్లాట్! పైన తొమ్మిది హెర్ట్జ్ మార్పు దాదాపు ఎవరికీ తెలియదు. కింది దయ్యం స్వరం మాత్రం అర్ధస్వరంలో మూడింట రెండు వంతుల దూరం జరిగి శ్రుతిలో కూర్చుంటుంది. ఫ్లూట్ ఉపాధ్యాయులు శిష్యులకు శ్రుతి నేర్పడానికి దీన్నే వాడతారు.

అయితే ఈ దయ్యాన్ని నమ్ముకుని బసూన్‌ను మానేయవచ్చా అంటే, ఈ పాటలో కుదరదు. ఇది మైనర్ శ్రుతిలోని పాట. దాని ఆధార స్వరాలు ఎఫ్, ఏ ఫ్లాట్. ఆ రెంటినీ రెండు ఫ్లూట్లు పై స్థాయిలో శుద్ధంగా, 698, 838 హెర్ట్జ్‌గా పట్టుకుంటే తేడా 140. అది డీ ఫ్లాట్, ఎఫ్ మైనర్ స్వరగుచ్ఛంలో లేని పరాయి స్వరం. చిత్రమేమిటంటే పియానో శ్రుతిలో కాస్త ఇరుకుగా ఊదితే తేడా 132, అంటే సీకి దగ్గర, అది గుచ్ఛంలో ఉన్న స్వరమే. చెవికి పైన ఎంత శుద్ధంగా వినిపిస్తే కింద అంత పరాయి స్వరం పలుకుతుంది. బసూన్ కింద ఎఫ్ పట్టుకుంటేనే ఆ డీ ఫ్లాట్ దాని చాటున అణిగిపోతుంది. వయోలిన్ల పంక్తులు వదులుకోండి, వయోలాను వదులుకోండి, హార్న్‌లు దొరక్కపోతే మానేయండి. బసూన్ వాదకుడు దొరికే దాకా మాత్రం ఈ యుగళాన్ని రెండు ఫ్లూట్లకు ఇవ్వకండి.